మూత ఒక మూల పట్టుకుని ఎత్తి చూడండి

కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైన మర్నాటి నుంచే ఇంట్లో ల్యాప్‌టాప్ చర్చ మొదలవుతుంది. ఐ5 చాలా, రైజెన్ మంచిదా, ర్యామ్ ఎనిమిదా పదహారా అని బంధువుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతి అన్నయ్యా తలో సలహా ఇస్తాడు. నాలుగేళ్ల పాటు బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన నలుగుతూ, హాస్టల్ మంచం మీద పొర్లుతూ ఆ వస్తువు నిలబడుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా "మెటల్ బాడీ సార్, మిలిటరీ గ్రేడ్" అనేస్తాడు షాపతను. అక్కడితో సరి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల రిపేరు బల్లల మీద ఏముంటాయో ఒకసారి చూడండి. ప్రాసెసర్ చచ్చిపోయి వచ్చినవి అరుదు. మూత కీలు ఊడిపోయినవి, చార్జింగ్ పిన్ను ఆడుతున్నవి, స్క్రీన్ పగిలినవి, టీ ఒలికి కీబోర్డు పోయినవి, బ్యాటరీ ఉబ్బినవి కనబడతాయి. వీటిలో చాలావరకు రెండు భాగాలు కలిసే చోట పోయినవే. ఇనుప కీలు ప్లాస్టిక్‌ను పట్టుకునే చోట, చార్జర్ పిన్ను బోర్డును పట్టుకునే చోట, కీబోర్డు పైపలకను పట్టుకునే చోట. అందుకే ల్యాప్‌టాప్ గట్టిదా కాదా అని తేల్చుకోవాలంటే పైతొడుగు నిగనిగను పక్కన పెట్టి ఈ అతుకులు చూడాలి.

ముందు పైతొడుగు సంగతి తేల్చేద్దాం. మెకానిక్కులు ల్యాప్‌టాప్ బాడీని నాలుగు ముక్కలుగా చెబుతారు. మూత వెనక భాగం ఏ ప్యానెల్. స్క్రీన్ చుట్టూ ఉండే చట్రం బీ ప్యానెల్. కీబోర్డు, టచ్‌ప్యాడ్ ఉండే పలక సీ ప్యానెల్. అడుగు భాగం డీ ప్యానెల్. "మెటల్ బాడీ" అంటే నాలుగూ లోహమని కాదు. బడ్జెట్ మోడళ్లలో చాలావాటికి ఏ ప్యానెల్ ఒక్కటే పల్చటి అల్యూమినియం రేకు, మిగతా మూడూ ప్లాస్టిక్. స్పెసిఫికేషన్లలో "అల్యూమినియం టాప్, పీసీ-ఏబీఎస్ బాటమ్" అని చిన్నక్షరాల్లో ఉంటుంది, పీసీ-ఏబీఎస్ అంటే ప్లాస్టిక్కే. "మెటాలిక్ ఫినిష్" అని రాసి ఉంటే అది రంగు, లోహం కాదు. వేలిగోటితో తట్టినా, అరచేయి ఆనించినా తేడా తెలుస్తుంది. ఏసీ షోరూములో అల్యూమినియం చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ తగలదు.

అలాగని ప్లాస్టిక్ అంటే నాసి అనుకోకండి. మందంగా పోసి, లోపల పక్కటెముకల్లాంటి గీట్లు ఇచ్చిన పాలీకార్బొనేట్ కింద పడితే కాస్త వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. పల్చటి అల్యూమినియం రేకు సొట్టపడి అలాగే ఉండిపోతుంది. ఆ సొట్ట వెనక స్క్రీన్ ఉంటే దాని మీద ఎప్పటికీ ఒత్తిడే. ఒకే దిమ్మను చెక్కి చేసిన అల్యూమినియం బాడీ వేరు, రేకును అచ్చులో ఒత్తి చేసినది వేరు. మొదటిది మ్యాక్‌బుక్ లాంటివాటిలో ఉంటుంది. రెండో రకానికి బలమంతా లోపల అతికించిన చట్రం నుంచే వస్తుంది. ఎంపిక నన్ను చేయమంటే మూత లోహం, అడుగు ప్లాస్టిక్ ఉన్నదాని కన్నా సీ ప్యానెల్ లోహంతో ఉన్నదానికే ఓటేస్తాను. హింజ్ (మూత కీలు) స్క్రూలు చాలా మోడళ్లలో పట్టుకునేది ఆ పలకనే కాబట్టి.

హింజ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. విద్యార్థుల ల్యాప్‌టాప్‌ల ఆయువుపట్టు అదే.

మూతను తెరిచిన కోణంలో నిలబెట్టేది రెండు చిన్న ఇనుప కీళ్లు. ఒక్కోదానికి ఒక కడ్డీ, దాని మీద వరసగా వాషర్లు, చివర బిగించిన నట్టు ఉంటాయి. వాషర్ల రాపిడి వల్లే మూత ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. ఆ కీలు నుంచి ఒక రేకు సీ ప్యానెల్‌లోకి పోతుంది. అక్కడ రెండు మూడు స్క్రూలతో బిగుస్తుంది. ఆ స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగవు. ప్లాస్టిక్‌లో చిన్న గొట్టాల్లాంటి దిమ్మలు పోసి, వాటిలో ఇత్తడి మరచుట్లను వేడి చేసి దింపుతారు. స్క్రూ ఆ ఇత్తడిని పట్టుకుంటుంది, ఇత్తడిని ప్లాస్టిక్ పట్టుకుంటుంది. ఇనుము, ఇత్తడి, ప్లాస్టిక్ అనే ఈ గొలుసులో తెగేది ఎప్పుడూ చివరిదే.

లెక్క కూడా చూద్దాం. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ మూత ఎత్తు సుమారు 22 సెంటీమీటర్లు. హింజ్ రేకు స్క్రూల మధ్య దూరం 3 సెంటీమీటర్లు అనుకోండి. మూత పై అంచును మీరు అరకిలో బలంతో లాగితే స్క్రూల దగ్గర అది ఏడు రెట్లకు పైగా, అంటే మూడున్నర కిలోల పైమాటే అవుతుంది. మధ్యలో పట్టుకుని తెరిస్తే ఆ బలాన్ని రెండు కీళ్లూ పంచుకుంటాయి. కుడి మూల పట్టుకుని తెరిస్తే ఎక్కువ భారం ఒక్కదాని మీదే పడుతుంది. రోజుకు పదిసార్లు మూత తీసి వేస్తే ఏడాదికి 3,650 సార్లు. ఏళ్లు గడిచేకొద్దీ గ్రీజు ఎండి కీలు బిగుసుకుంటుంది, తెరవడానికి ఇంకాస్త బలం కావాలి. ఈలోగా ప్లాస్టిక్ దిమ్మల మొదళ్లలో సన్నటి పగుళ్లు మొదలవుతాయి. ఒకరోజు మూత తెరుస్తుంటే "టక్" మని చప్పుడు వస్తుంది. ఆ తర్వాత తెరిచిన ప్రతిసారీ మూల దగ్గర డీ ప్యానెల్ నోరు తెరుస్తుంది, లేదా మూత వైపు బీ ప్యానెల్ చిట్లి పైకి లేస్తుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. షాపులో మూత తెరిచి చూసి, గట్టిగా ఉంది కాబట్టి మంచి క్వాలిటీ అనుకుంటారు. బిగుతు హింజ్ అంటే ప్లాస్టిక్ దిమ్మల మీద ప్రతిసారీ ఎక్కువ బరువు అని అర్థం. మంచి హింజ్ మొదట్లో తేలిగ్గా లేచి, వదిలిన చోట నిలుస్తుంది. ఒక వేలితో మూత ఎత్తితే అడుగు భాగం బల్ల మీదే ఉండాలి. అడుగు కూడా మూతతో పాటు లేస్తోందంటే హింజ్ బిగుతైనా కావాలి, బాడీ మరీ తేలికైనా కావాలి. ముందుభాగంలో బరువు లేని కిలోంబావు మోడళ్లలో కొంత లేవడం మామూలే, దానికి పెద్దగా భయపడక్కర్లేదు. రెండు చేతులతో లాగితే తప్ప తెరుచుకోనిదాన్ని మాత్రం అక్కడే వదిలేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. మూతను మూలన పట్టుకుని మెల్లగా, నాలుగైదు సెకన్లు తీసుకుంటూ తెరవండి. ఇంట్లో రోజూ ఇలా చేయకూడదు, ఇది చూడడానికి మాత్రమే. కళ్లు స్క్రీన్ మీద కాదు, హింజ్ పక్కనే సీ, డీ ప్యానెళ్లు కలిసే గీత మీద పెట్టండి. ఆ గీత వెడల్పు మారకూడదు. మూత 30 డిగ్రీల దగ్గర, 90 దగ్గర, పూర్తిగా వెనక్కి వాలినప్పుడు మళ్లీ చూడండి. గీత వెంట్రుకవాసి తెరుచుకున్నా లోపల రేకు కదులుతోందనే లెక్క. మూత రెండో మూల మొదటి మూలతో పాటే వస్తుందా, వెనకబడి మెలితిరిగి వస్తుందా అన్నది కూడా గమనించండి. బాగా మెలితిరిగితే ఏ ప్యానెల్ పల్చన. ఆ మెలిక భారం మోసేది స్క్రీన్ అద్దమే.

ఈ పరీక్ష కొత్త పెట్టెలోంచి తీసిన పీసు మీద చేస్తే సగమే తెలుస్తుంది. షోరూములో డెమోకి పెట్టినవాటిలో అన్నిటికన్నా పాతది ఏదో అడగండి. ఆరు నెలలుగా వచ్చినవాడల్లా తెరిచి మూసిన పీసు మీకు దొరికే గొప్ప సాక్ష్యం. దాని హింజ్ ఎలా ఉంది, కీల మీద అక్షరాలు చెరిగాయా, పామ్‌రెస్ట్ (అరచేతులు ఆనే చోటు) అంచున రంగు లేచిందా, అడుగున రబ్బరు కాళ్లు ఊడాయా చూడండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కూడా ఒకసారి షోరూముకు వెళ్లి అదే మోడల్ డెమో పీసును ముట్టుకుని రావడం మంచిది. అందులో సిగ్గేమీ లేదు.

డెమో పీసు దగ్గరున్నప్పుడే ఇంకొన్ని పనులు చేయవచ్చు.

ల్యాప్‌టాప్‌ను తెరిచి ఉంచి, ముందువైపు ఒక మూల పట్టుకుని ఒంటి చేత్తో బల్ల మీద నుంచి లేపండి. క్లాసులో ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పట్టుకెళ్లేది ఇలాగే కదా. కిర్రుమంటుందా? ఇంకో చేతి వేలితో టచ్‌ప్యాడ్ నొక్కండి. బల్ల మీద ఉన్నప్పటిలాగే క్లిక్ రావాలి. నొక్కకుండానే క్లిక్ పడినా, నొక్కినా బిగుసుకుపోయినా బాడీ మెలితిరుగుతోందని అర్థం. బాడీ మెలితిరిగితే లోపల మదర్‌బోర్డు కూడా తిరుగుతుంది. బోర్డు మీద చిప్పులను కింద అతికి పట్టుకునే సోల్డర్ (కరిగించి అతికే లోహం) బొట్లకు అది మంచిది కాదు.

కీబోర్డు నడిమధ్య, జీ, హెచ్ కీల దగ్గర బొటనవేలితో మామూలు టైపింగ్ కన్నా కాస్త గట్టిగా నొక్కండి. అక్కడ కొద్దిగా దిగడం అన్నిటిలోనూ ఉంటుంది. కీ అడుగు తాకాక కూడా పలక మొత్తం గిన్నెలా కుంగిపోతే మాత్రం సీ ప్యానెల్ కింద ఊతం లేదు. తర్వాత స్క్రీన్‌లో తెల్లటి పేజీ తెరిచి, మూత వెనక మధ్యలో రెండు వేళ్లతో మెల్లగా అదమండి. తెలుపు మీద నీటి అలల్లాంటి మరకలు లేస్తే, వెనక పుస్తకాలు ఒత్తినా అదే జరుగుతుంది. ఆ తర్వాత బల్లను పిడికిలితో తట్టి మూత ఎన్నిసార్లు ఊగుతుందో చూడండి. రెండు మూడు ఊపుల్లో ఆగితే చాలు. బస్సులో వాడే ఉద్దేశం ఉంటే తప్ప దీన్ని పెద్ద లోపంగా పట్టించుకోనక్కర్లేదు.

అంచుల చుట్టూ గోరు పోనివ్వండి. ఏ రెండు ప్యానెళ్ల మధ్యయినా సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట గోరు జారిపోయి, ఇంకోచోట తట్టుకుంటే బిగింపు సరిగా లేదు. కొత్త పీసులోనే ఇలా ఉంటే ఒకసారి సర్వీసుకు విప్పి బిగించాక ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

షాపులో చేతికి అందనివి ఇంట్లో కూర్చుని చదివి తెలుసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. పెద్ద సంస్థలు తమ మోడళ్లకు సర్వీసు పుస్తకాలను పీడీఎఫ్‌గా ఉచితంగా పెడతాయి. లెనోవో దాన్ని హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటుంది, హెచ్‌పీ మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటుంది, డెల్ సర్వీస్ మాన్యువల్ అంటుంది. మోడల్ పేరుతో పాటు ఆ మాట కొట్టి వెతకండి. అందులో విడిభాగాల జాబితా, విప్పే క్రమం బొమ్మలతో ఉంటాయి. యాడ్‌లో కనబడని నిజాలన్నీ ఆ జాబితాలో బయటపడతాయి.

మొదట కీబోర్డు ఎక్కడుందో చూడండి. "కీబోర్డ్" అని విడిగా ఒక భాగం ఉందా, "టాప్ కవర్ విత్ కీబోర్డ్" అని కలిపి రాశారా? కలిపి రాశారంటే కీబోర్డు సీ ప్యానెల్‌కు పదుల సంఖ్యలో ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికినట్టు. ఒక్క కీ పోయినా పలక మొత్తం మార్చాలి, లేదా మెకానిక్కు ఆ రివెట్లన్నీ కోసి, కొత్త కీబోర్డు పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ కరిగించి అతకాలి. అలా అతికిన కీబోర్డు మధ్యలో మెత్తగా తగలడం మామూలే. సన్నటి మోడళ్లలో ఎక్కువ ఇలాంటివే, తప్పించుకోవడం కష్టం. స్క్రూలతో బిగించినది దొరికితే దానికో మార్కు ఎక్కువ వేయండి.

తర్వాత చార్జింగ్ పిన్ను. "పవర్ కనెక్టర్ కేబుల్" లేదా "డీసీ-ఇన్ కేబుల్" అని విడిగా ఉంటే అది వైరుతో బోర్డుకు తగిలించినది. పోతే ఆ వైరు ముక్క మారిస్తే సరి, గంటలోపు పని. టైప్-సి ద్వారా చార్జ్ అయ్యే మోడళ్లలో ఆ పోర్టు చాలాసార్లు మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటుంది. అది వదులైతే బోర్డు మొత్తం విప్పి, హాట్ ఎయిర్‌తో పోర్టు తీసి, కొత్తది వేయాలి. అంత చేయి తిరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఉండరు. ర్యామ్ సంగతికొస్తే, జాబితాలో "మెమరీ మాడ్యూల్" అని కనబడకపోతే అది బోర్డుకు సోల్డర్ అయినట్టే. అప్పుడు 8 జీబీతో కొని తర్వాత పెంచుకుందాం అన్న ఆశ వదులుకుని మొదటే 16 తీసుకోవాలి. హింజ్‌లు విడిగా ఉన్నాయా, మూత మొత్తంతో కలిపి ఇస్తారా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. బయటి మార్కెట్లో అయితే ఏ, బీ ప్యానెళ్లు, హింజ్‌లు కలిపి ఏబీహెచ్ ప్యానెల్ అని సెట్టుగా అమ్ముతారు. మీ మోడల్ పేరు పక్కన ఏబీహెచ్ అని కొట్టి వెతికితే, అది దొరుకుతుందో లేదో కొనకముందే తేలిపోతుంది. నాలుగేళ్లు వాడే వస్తువుకు విడిభాగం దొరకడం కూడా మన్నికలో భాగమే.

ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌ల మీద రిపేరు సౌలభ్యానికి పదికి ఇన్ని అని మార్కులు వేయడం చట్టం. మీరు చూస్తున్న మోడల్ అక్కడా అమ్ముతుంటే ఫ్రెంచ్ సైట్లలో ఆ అంకె కనబడుతుంది. వస్తువులు విప్పి చూపే ఐఫిక్సిట్ వెబ్‌సైట్ ఇచ్చే మార్కులు కూడా పనికొస్తాయి, కాకపోతే వాళ్లు విప్పి చూపేవాటిలో మన బడ్జెట్ మోడళ్లు తక్కువ.

పోర్టుల గురించి రెండు అంకెలు గుర్తుంచుకోండి. ప్రమాణం ప్రకారం టైప్-సి సాకెట్ 10,000 సార్లు పెట్టి తీయడాన్ని తట్టుకోవాలి. మామూలు యూఎస్‌బీ-ఎ సాకెట్‌కు ఆ లెక్క 1,500. ఈ లెక్క నిటారుగా పెట్టి తీసినప్పటిది. చార్జర్ తగిలించి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే పిన్ను తొడకు ఆని వంకరగా ఒత్తుకుంటుంది, మంచం మీద వైరు లాగుడుకు పక్కకు వాలుతుంది. సాకెట్ల ప్రాణం తీసేది ఈ పక్కబలమే. రెండు పక్కలా టైప్-సి పోర్టులున్న మోడల్ అయితే గోడ సాకెట్ ఎటుంటే అటు పెట్టుకోవచ్చు, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. చిన్న సంగతే గాని నాలుగేళ్లకు బాగా అక్కరకొస్తుంది. డెమో పీసులో ప్రతి పోర్టులోకి లోపలికి చూడండి. సాకెట్ చుట్టూ బాడీ అంచు దగ్గరగా అంటి ఉంటే ఆ పక్కబలంలో కొంత బాడీ మోస్తుంది. చుట్టూ సందు ఉంటే మొత్తం సోల్డర్ మీదే పడుతుంది.

మెటల్ బాడీ కొన్నవాళ్లు చార్జింగ్ పెట్టినప్పుడు "చేతికి జిల్లుమంటోంది, షాక్ కొడుతోంది" అని భయపడి వాపసు ఇవ్వబోతారు. అది బాడీ లోపం కాదు. చార్జర్‌లో రేడియో రొదను తగ్గించడానికి వై కెపాసిటర్ అనే చిన్న భాగం ఉంటుంది. దాని గుండా అతి తక్కువ కరెంటు బయటి లోహానికి చేరుతుంది. రెండు పిన్నుల ప్లగ్ అయినా, హాస్టల్ సాకెట్‌లో ఎర్తింగ్ లేకపోయినా అది పోయే దారిలేక మీ వేళ్లకు తగులుతుంది. మూడు పిన్నుల వైరుతో, ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లో పెడితే ఆగిపోతుంది. జిల్లుమనడం దాటి గట్టిగా తగిలితే మాత్రం చార్జర్ మార్చాల్సిందే.

కీబోర్డు సన్నబడితే ఏమవుతుందో చెప్పడానికి ఆపిల్ బటర్‌ఫ్లై కీబోర్డే మంచి పాఠం. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో వచ్చింది. కీ కదిలే దూరం సుమారు అర మిల్లీమీటర్. అంత ఇరుకులో ఒక్క ఇసుక రేణువు పడినా కీ బిగుసుకుపోయేది, లేదా ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడేవి. 2018లో ఆ సంస్థే ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 చివర్లో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో పాత కత్తెర పద్ధతికే తిరిగి వచ్చింది, కీ కదిలే దూరం ఒక మిల్లీమీటర్‌కు పెరిగింది. మన దుమ్ముకు మిల్లీమీటర్‌న్నర దాకా కదిలే కీబోర్డయితే హాయి. "స్పిల్ రెసిస్టెంట్" అని రాసి ఉంటే కొంచెం నీళ్లు పడినా లోపలికి దిగకుండా కాస్త వ్యవధి దొరుకుతుందనే అర్థం తప్ప తడిసినా ఏం కాదని కాదు.

టీ ఒలికితే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి, చార్జర్ తీయండి, తెరిచిన పుస్తకాన్ని గుడారంలా బోర్లించినట్టు తలకిందులుగా పెట్టండి. ఆరిందిలే అని ఆన్ చేసి చూడకండి. ఆపేసినా బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపు బోర్డులో కొన్నిచోట్ల కరెంటు ఉంటుంది. తడి, కరెంటు కలిస్తే రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి తినుకుపోతాయి. చక్కెర, పాలు ఉంటే ఇంకా తొందరగా. అదే రోజు ఎవరి చేతనైనా విప్పించి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల పోర్టుల్లోకి బియ్యపు పిండి చేరుతుంది, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

మిలిటరీ గ్రేడ్ మాటకొస్తే, అది అమెరికా రక్షణ శాఖ ప్రమాణం మిల్-ఎస్‌టీడీ-810. ఇప్పుడు ఎక్కువగా చెప్పే 810హెచ్ సంచిక 2019 నాటిది. అందులో వేడి, చలి, తేమ, దుమ్ము, కుదుపు, పడడం ఇలా ఎన్నో పరీక్షలుంటాయి. ఏవి చేయాలో, ఎంత తీవ్రంగా చేయాలో తయారీదారే ఎంచుకోవచ్చు. పాసైందని ముద్ర వేసే సంస్థంటూ ఏదీ లేదు. పడేసే పరీక్షలో 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు కలిపి 26 సార్లు పడేస్తారు. అంతకు ముందరి 810జీలో ఆ 26 సార్లనూ ఐదు పీసుల మధ్య పంచుకునే వెసులుబాటు కూడా ఉంది. కాబట్టి స్టిక్కర్ చూసి ఊరుకోకుండా ఏయే పరీక్షలు చేశారో సంస్థ వెబ్‌సైట్‌లో చూడండి. పేర్లు, అంకెలు ఇస్తే కొంత నమ్మొచ్చు. "మిలిటరీ గ్రేడ్ టఫ్‌నెస్" అని ఒక్క వాక్యంతో వదిలేస్తే దానికి మార్కులేమీ వేయకండి.

బ్యాటరీ ఎంతకాలం వస్తుందన్నది బాడీకి సంబంధం లేనట్టు కనిపిస్తుంది గాని సన్నటి మోడళ్లలో సంబంధం ఉంది. పలకలాంటి పాలిమర్ బ్యాటరీ టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది. వేడికి, రోజంతా నూరు శాతం చార్జ్‌లో ఉంచడానికి అది తొందరగా ముసలిదై ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ ఒక మూల పైకి లేవడం, క్లిక్ పడకపోవడం, చదునైన బల్ల మీద ల్యాప్‌టాప్ ఊగడం దాని గుర్తులు. అలా కనిపిస్తే చార్జింగ్ ఆపేసి బ్యాటరీ మార్పించాలి, అదిమి సర్దకూడదు. సంస్థ ఇచ్చే సెట్టింగుల యాప్‌లో చార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే మొదటి రోజే పెట్టేయండి. మూత వేసి బ్యాగులో పెట్టినప్పుడు ఇప్పటి విండోస్ స్లీప్ పూర్తిగా నిద్రపోదు, మధ్యమధ్యలో లేచి బ్యాగులోనే వేడెక్కుతుంది. ఊళ్లకు వెళ్లేటప్పుడు షట్‌డౌన్ చేయడమే మేలు. పరుపు మీద పెట్టి వాడితే అడుగునున్న గాలి దారులు మూసుకుపోవడమే కాదు, దూది నూగు లోపలికి పోయి ఫ్యానుకు, వేడిని బయటికి పంపే రేకులకు మధ్య చిన్న దుప్పటిలా పేరుకుంటుంది. ఏడాదికోసారి విప్పి దాన్ని తీయించాలి. అడుగు ప్యానెల్ స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాచిన మోడళ్లలో ఆ కాళ్లు ఒకసారి పీకితే మళ్లీ సరిగా అంటవు. ఇదీ కొనేటప్పుడు అడుగు తిప్పి చూడాల్సిన సంగతే. స్క్రూలు బయటికి కనిపించేవే నాకు నచ్చుతాయి.

స్క్రీన్ పగలడంలో పెద్ద రహస్యం లేదు. ఇయర్‌ఫోన్‌నో పెన్నునో కీబోర్డు మీద మరిచిపోయి మూత వేస్తే అద్దం అక్కడే పోతుంది. బ్యాగులో పుస్తకాల ఒత్తిడికి కీల గుర్తులు స్క్రీన్ మీద అచ్చుపడతాయి. బ్యాగు కొనేటప్పుడు ల్యాప్‌టాప్ పెట్టే అర, బ్యాగు అట్టడుగు దాకా దిగకుండా రెండంగుళాలు పైనే ఆగిందో లేదో చూడండి. లేకపోతే బ్యాగు బల్ల మీద పడేసినప్పుడల్లా దెబ్బ నేరుగా ల్యాప్‌టాప్ అంచుకే. మూతను ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు బొమ్మ మినుకుమంటే పోయింది స్క్రీన్ కాదు, హింజ్ గుండా వెళ్లే సన్నటి డిస్‌ప్లే కేబుల్. స్క్రీన్ మార్చాలని ఎవరైనా అంటే ముందు ఆ కేబుల్ మార్చి చూడమనండి.

అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసు శ్రేణి ల్యాప్‌టాప్ తీసుకోవడం కూడా ఆలోచించండి. కంపెనీలు వాడి తీసేసిన లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు సీటీసీలోనే కాదు, జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతున్నాయి. చట్రం గట్టిగా ఉంటుంది, విప్పడం తేలిక, విడిభాగాలకు కొదవ లేదు. వాటిలో చూడాల్సింది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి (powercfg /batteryreport). వచ్చే ఫైలులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో 80 శాతం కన్నా బాగా తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

వారంటీ కాగితంలో హింజ్ మాట వెతకండి. ప్లాస్టిక్ దిమ్మ విరిగి వెళ్తే సర్వీసు సెంటర్లో "ఫిజికల్ డ్యామేజ్, కవర్ కాదు" అనే మాట వినే అవకాశం ఎక్కువ. అందుకే మూల దగ్గర గీత తెరుచుకోవడం మొదలైన రోజే, ఇంకా ఏదీ విరగకముందే ఫొటో, వీడియో తీసి ఫిర్యాదు నమోదు చేయండి. వారంటీ అయిపోయిన ల్యాప్‌టాప్ అయితే మూత తెరవడం అక్కడితో ఆపి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ దశలో అడుగు ప్యానెల్ విప్పి వదులైన స్క్రూలు బిగించి, హింజ్ చివరి నట్టును పావు చుట్టు వదులు చేసి, కడ్డీకి చుక్క గ్రీజు పెడితే పని అయిపోతుంది. ఇత్తడి చుట్టు ఊడి వచ్చేసిందంటే పాత ప్లాస్టిక్ పొడి గీకి, అరల్డైట్ జిగురు కలిపి పోసి, చుట్టును నిటారుగా నిలబెట్టి ఒక రోజంతా ఆరనివ్వాలి. గంటలో ఇచ్చేస్తాం అంటే ఆ అతుకు నిలవదు. మూతను నట్టు వదులు చేయకుండా మళ్లీ బిగించినా అంతే, అదే దిమ్మ మళ్లీ ఊడుతుంది.